ఆల్చిప్ప ఎట్లా పెరుగుతుంది?

మాగాయకు మామిడికాయల చెక్కు తీయడానికి ఆల్చిప్పను వాడడం తెలుగు ఇండ్లలో పాత అలవాటు. చెరువులోనో, కాలువగట్టునో ఏరి తెచ్చిన చిప్పను బోర్లించి, దాని వీపును గరుకు రాతిమీద అరగదీస్తారు. కొంతసేపటికి నడుమ చిన్న రంధ్రం పడుతుంది. ఆ రంధ్రపు అంచు కత్తివలె పదునుగా ఉండి కాయ చెక్కును పలుచగా లేపుతుంది. అరగదీసేటప్పుడు శ్రద్ధగా చూచినవారికి ఒక సంగతి తెలుస్తుంది. మొదట గోధుమ రంగులో ఉన్న పలుచని తొక్క పోతుంది. దాని క్రింద సుద్దవలె తెల్లని పొర బయటపడుతుంది. ఇంకా అరగదీస్తే, రంధ్రం పడబోయే ముందు, తళతళలాడే మూడవ పొర కనబడుతుంది.

ఈ మూడు పొరలను కట్టినది ఎముక అనేది లేని మెత్తని జంతువు. దానికి తల లేదు. పట్టుకొనే అవయవాలు లేవు. మొదట ఇసుకరేణువంత ఉన్న ఈ జీవి అరచేయంత అయ్యేవరకు అదే చిప్పల జతలో నివసిస్తుంది. చిప్పలు రాతివలె గట్టివి, లాగితే సాగవు. మరి లోపలి జంతువు పెరుగుతున్నకొద్దీ ఈ పెట్టె ఎట్లా పెరుగుతున్నది?

ఎముక కాదు, కుబుసం కాదు

జంతులోకంలో గట్టి భాగాలు పెరగడానికి ముఖ్యంగా మూడు మార్గాలున్నవి. మన ఎముకలో సజీవ కణాలున్నవి; రక్తనాళాలున్నవి. పాత ఎముకను కొన్ని కణాలు కరగిస్తూవుంటే, మరికొన్ని కొత్తదానిని చేరుస్తూవుంటవి. కనుక ఎముక లోపలినుండి మారుతూ పెరుగుతుంది. పీత మార్గం వేరు. అది ఇరుకైపోయిన పెంకును పాము కుబుసం విడిచినట్లు విడిచి, పెద్ద పెంకును తయారుచేసికొంటుంది. ఆల్చిప్ప జీవి ఈ రెండింటిలో ఏదీ చేయదు. దాని చిప్పలో సజీవ కణాలు లేవు. అది చిప్పను ఎన్నడూ విడవదు. తన శరీరానికి వెలుపల, ఉన్నదానికి కొత్తదానిని చేరుస్తూపోతుంది. ఇది మూడవ మార్గం.

ఈ విషయాన్ని ప్రయోగం ద్వారా చూపినవాడు రెయోమ్యూర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. 1709లో ప్రకటించిన వ్యాసంలో ఆయన నత్తలమీద చేసిన ప్రయోగాలను వివరించాడు. నత్త గుల్లను కొంచెం పగులగొట్టి, గుల్లకూ శరీరానికీ మధ్య పలుచని తోలును అమర్చాడు. గుల్ల ఎముకవలె తనంతట తాను పెరిగేదయితే, కొత్త భాగం పగులు అంచునుండి, తోలుకు వెలుపలివైపున పెరగవలె. కాని కొత్త గుల్ల తోలుకు లోపలివైపున, శరీరానికి తగిలివున్న ముఖంమీద ఏర్పడింది. గుల్ల పదార్థం శరీరంనుండి స్రవించి గట్టిపడుతున్నదని దీనివల్ల తేలింది. నత్తలూ, ఆల్చిప్పలూ మొలస్కా అనే ఒకే వర్గానికి చెందినవి. నత్తకు ఒకే గుల్ల, ఆల్చిప్పకు రెండు చిప్పలు ఉన్నా కట్టే పద్ధతి ఒకటే.

రెండు చిప్పల జీవులలో నేడు జీవిస్తున్న జాతులు పదివేలకు దగ్గరగా ఉన్నవి. మన చెరువులలో, కాలువలలో దొరికే లామెల్లిడెన్స్ మార్జినాలిస్ అనే మంచినీటి ఆల్చిప్ప, విశాఖపట్నం తీరంలో రాళ్ళకు అంటుకొనివుండే ఆకుపచ్చ మస్సెల్, కాకినాడ అఖాతంలో దొరికే అద్దమువంటి పలుచని ప్లకూనా, మన్నారు సింధుశాఖలోని ముత్యపుచిప్ప, అన్నీ ఈ కోవలోనివే.

పనివాడు ప్రావారం

బ్రతికివున్న ఆల్చిప్పను తెరచి చూస్తే, రెండు చిప్పల లోపలి ముఖాలకూ అంటుకొని పలుచని కండపొర కనబడుతుంది. దీనిని ప్రావారమంటారు. ప్రావారమంటే కప్పుకొనే వస్త్రం. చిప్పను కట్టే పనివాడు ఇదే.

ప్రావారపు అంచు మూడు మడతలుగా ఉంటుంది. లోపలి మడతలో కండరాలున్నవి. నీటి రాకపోకలను అది అదుపు చేస్తుంది. నడిమి మడత స్పర్శను, వెలుగునీడల మార్పును గ్రహిస్తుంది. వెలుపలి మడత చిప్పను కడుతుంది. నడిమి మడతకూ వెలుపలి మడతకూ మధ్య ఒక సన్నని గాడి ఉన్నది. ఈ గాడిలో ఒక రకమైన ప్రోటీను స్రవించి, పలుచని పొరగా బయటకు వచ్చి, చిప్ప అంచుమీదుగా వెలుపలికి మడిగి అతుకుకొంటుంది. మొదట మెత్తగా ఉన్న ఈ పొర తరువాత తోలు పదునుపెట్టినట్లు గట్టిపడుతుంది. రాతిమీద అరగదీసినప్పుడు మొదట పోయిన తొక్క ఇదే. దీని పేరు పెరియోస్ట్రాకం.

ఈ తొక్క చిప్పకు రంగునిచ్చే పైపూత మాత్రమే కాదు. దీనివల్ల జరిగే గొప్ప పని మరొకటి ఉన్నది. ఒకవైపు తొక్క, ఒకవైపు పాత చిప్ప, మరొకవైపు ప్రావారం ఉండి, మధ్య ఒక అతిసన్నని ఖాళీని మూసివేస్తవి. బయటి నీరు ఆ ఖాళీలోనికి సులభంగా రాలేదు. అందులో ప్రావారం స్రవించిన ద్రవం ఉంటుంది. చిప్ప తయారయ్యే చోటు ఈ ఖాళీయే. కాంక్రీటు పోయడానికి మేస్త్రీ ముందు పలకలతో అచ్చు కట్టుకొన్నట్లు, ఈ జంతువు ముందు తొక్కను పరచి, తరువాత దాని లోపలివైపున గట్టి పదార్థాన్ని పేరుస్తుంది.

సున్నం ఎక్కడిది?

చిప్ప బరువులో నూటికి 95 పాళ్ళు, లేక అంతకు మించి, కాల్షియం కార్బొనేటు ఉంటుంది. సున్నపురాయి, సుద్ద కూడ ఈ పదార్థమే. అందువల్లనే గుల్లలను బట్టీలో కాల్చి గుల్లసున్నం తీయగలుగుతున్నాము.

సముద్రపు నీరు లీటరుకు సుమారు 0.4 గ్రాముల కాల్షియం ఉంటుంది. పది గ్రాముల కాల్షియం కార్బొనేటులో నాలుగు గ్రాముల కాల్షియం ఉన్నది. అంటే పది గ్రాముల చిప్పను కట్టడానికి పది లీటర్ల సముద్రపు నీటిలో ఉన్న కాల్షియమంతా కావలె. ఈ జీవి మొప్పలద్వారా, ప్రావారంద్వారా, కొంత ఆహారంద్వారా కాల్షియాన్ని గ్రహించి చిప్ప కట్టే చోటికి చేరవేస్తుంది. కార్బొనేటు భాగం చాలవరకు నీటిలో కరగివున్న బైకార్బొనేటునుండి వస్తుంది. కొంత జంతువు శ్వాసక్రియలో పుట్టిన కార్బన్ డయాక్సైడునుండి వస్తుంది. కార్బన్ డయాక్సైడును బైకార్బొనేటుగా త్వరగా మార్చడానికి కార్బానిక్ ఎన్‌హైడ్రేజ్ అనే ఎంజైము తోడ్పడుతుంది. ముత్యపుచిప్ప ముత్యపు పొరలో ఇటువంటి పని చేయగల నాక్రీన్ అనే ప్రోటీను ఉన్నట్లు 1996లో తెలిసింది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కాల్షియం అయాను, బైకార్బొనేటు అయాను కలిసి కాల్షియం కార్బొనేటు ఏర్పడినప్పుడు ఒక హైడ్రొజన్ అయాను విడుదల అవుతుంది. హైడ్రొజన్ అయానులు పోగుపడితే ద్రవం ఆమ్లమవుతుంది. ఆమ్లంలో సున్నం నిలువదు; కరగిపోతుంది. కనుక సున్నం పేరుస్తూ ఉండవలెనంటే, హైడ్రొజన్ అయానులను ఎప్పటికప్పుడు అక్కడనుండి తోసివేస్తూ ఉండవలె. ఇందుకు జంతువు తన ఆహారంలోని శక్తిని ఖర్చు చేయవలసివస్తుంది. చిప్ప ఉచితంగా రాదు. ఈ మాటను గుర్తుంచుకొనడం అవసరం. ముందు దీనితో పని ఉన్నది.

ఇటుకలూ, సున్నపు పూతా

తొక్క క్రిందనున్న తెల్లని పొరలో స్ఫటికాలు సన్నని పట్టకాలవలె, చిప్ప ఉపరితలానికి నిలువుగా, ఒకదాని ప్రక్క ఒకటి నిలబడివుంటవి. కనుక దీనిని పట్టకపు పొర అంటారు. దీనికి లోపలిది ముత్యపు పొర. ఇందులో స్ఫటికాలు పలుచని బిళ్ళలుగా, గోడలో ఇటుకలవలె వరుసలు తీరి ఉంటవి. ఒక్కొక్క బిళ్ళ మందం సుమారు అర మైక్రాను, అనగా మిల్లీమీటరులో రెండువేలవ వంతు. మిల్లీమీటరు మందంగల ముత్యపు పొరలో ఇటువంటి వరుసలు రెండువేల వరకు ఉంటవన్నమాట. కాంతి తరంగపు పొడవు కూడ ఇంచుమించు ఇంతే. అందువల్ల వివిధ వరుసలనుండి తిరిగివచ్చే కిరణాలు ఒకదానితో ఒకటి కలిసి వ్యతికరణం చెందుతవి. చిప్పను అటూ ఇటూ త్రిప్పినప్పుడు కనబడే గులాబి, ఆకుపచ్చ మెరుపులకు కారణం ఇదే. అక్కడ రంగు పదార్థమేమీ లేదు.

ఇటుకల మధ్య అడుసు ఉన్నట్లే, ఈ బిళ్ళల మధ్య ప్రోటీనులతో, కైటిన్‌తో చేసిన పలుచని పొరలున్నవి. బరువులో ఇవి అతి స్వల్పం. కాని చిప్ప బలమంతా వీటిమీద ఆధారపడివున్నది. సుద్దముక్క చేతితో విరుగుతుంది. ముత్యపు పొర అంత సులభంగా విరగదు. దానిలో పుట్టిన పగులు తిన్నగా సాగలేక, ప్రతి బిళ్ళ దగ్గర ప్రక్కకు తిరిగి, మెత్తని పొరలలో తన బలాన్ని పోగొట్టుకొంటుంది.

ఈ ప్రోటీనులు మరొక పని కూడ చేస్తవి. కాల్షియం కార్బొనేటు రెండు ముఖ్యమైన స్ఫటిక రూపాలలో దొరుకుతుంది. ఒకటి కాల్సైటు, రెండవది అరగొనైటు. ముత్యపుచిప్ప వెలుపలి పట్టకాలు కాల్సైటు; లోపలి బిళ్ళలు అరగొనైటు. ఒకే జంతువు, ఒకే పదార్థంతో, పక్కపక్కనే రెండు రూపాలను కడుతున్నది. చిప్పల అరగొనైటు పొరలనుండి తీసిన ప్రోటీనులను తగిన పరిస్థితులలో ఉంచితే, ప్రయోగశాలలో కూడ అరగొనైటు ఏర్పడుతుందని 1996లో ప్రకటించిన ప్రయోగాలు చూపినవి. ఏ చోట ఏ స్ఫటికం ఏర్పడవలెనో ప్రోటీనులు నిర్ణయించగలవని దీనివల్ల స్పష్టమయింది.

అంచున వెడల్పు, లోపల మందం

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. తొక్కా, పట్టకపు పొరా ప్రావారపు అంచువద్దనే తయారవుతవి. కనుక చిప్ప వెడల్పు అంచునే పెరుగుతుంది. ముత్యపు పొరను ప్రావారపు వెలుపలి ముఖం చాలవరకు స్రవిస్తుంది. కనుక చిప్ప మందం లోపలివైపు అంతటా పెరుగుతుంది. కీలు దగ్గర మూపువలె ఉబ్బివున్న భాగం అన్నిటికన్న పాతది. ఆ జంతువు పసితనంలో దాని ఇల్లంతా ఆ మూపే. దాని చుట్టూ ఒకదానికి వెలుపల ఒకటిగా కనబడే గీతలు, ఒకప్పుడు చిప్ప అంచు ఉన్న చోట్లు.

అంచున చేరే పదార్థం అన్నిచోట్ల సమానంగా ఉండదు. కీలుకు దగ్గరగా తక్కువ, దూరంగా ఎక్కువ. ఈ నిష్పత్తి ఇంచుమించు మారదు. అందువల్ల చిప్ప పెద్దదవుతున్నా దాని ఆకారం మారదు. ఈ గణితాన్ని డార్సీ థాంప్సన్ 1917లో వెలువడిన తన గ్రంథంలో విపులంగా చర్చించాడు.

చిప్పలను మూసే బలమైన కండరాలు లోపలి ముఖానికి అంటుకొని ఉంటవి. ఖాళీ చిప్పలో వాటి గుర్తులు స్పష్టంగా కనబడుతవి. చిప్ప పెరుగుతున్నకొద్దీ ఈ కండరాలు కీలునుండి దూరంగా జరుగుతూ, వెనుక విడిచిన చోటును కొత్త పొర కప్పివేస్తూ ఉంటుంది. చిప్పలను తెరవడానికి వేరే కండరం లేదు. కీలువద్దనున్న సాగే బంధనం ఆ పని చేస్తుంది. అందుకే చచ్చిన ఆల్చిప్ప నోరు తెరచుకొని ఉంటుంది.

చిప్పలో వ్రాసిన చరిత్ర

ఒకసారి కట్టినదానిని మార్చలేకపోవడంవల్ల చిప్ప ఆ జంతువు దినచర్య పుస్తకమయింది. ఆహారం సమృద్ధిగా ఉన్నప్పుడు గీతల మధ్య దూరం ఎక్కువ. చలి, కరువు, గుడ్లు పెట్టే కాలం వచ్చినప్పుడు పెరుగుదల మందగించి గీతలు దగ్గరపడుతవి. చలిదేశాలలో శీతకాలపు గీత ఏడాదికొకటి పడుతుంది. 2006లో ఐస్‌లాండ్ సమీపంలో తీసిన ఆర్కిటికా ఐలాండికా అనే చిప్ప కీలుభాగాన్ని కోసి గీతలను లెక్కించారు. మొదట 400 పైచిలుకు ఏండ్లని చెప్పి, 2013లో మరింత జాగ్రత్తగా లెక్కించి 507 ఏండ్లని తేల్చారు. అంటే అది 1499 ప్రాంతంలో పుట్టింది.

మన చెరువు ఆల్చిప్పల వయస్సును మాత్రం పై గీతలను చూచి చెప్పడం ప్రమాదకరం. వేసవిలో చెరువు ఎండినప్పుడు అవి బురదలో దిగి చిప్పలు మూసుకొంటవి. ఒకే ఏట ఇటువంటి అంతరాయాలు ఎన్ని వస్తే అన్ని గీతలు పడవచ్చు.

మూసుకొన్న కాలంలో మరొక విశేషం జరుగుతుంది. ఆక్సిజన్ అందక జంతువు శరీరంలో ఆమ్లాలు పుడుతవి. వాటిని తటస్థం చేయడానికి చిప్ప లోపలి పొరలోని సున్నం కొంత కరుగుతుంది. కష్టకాలంలో ఇంటి గోడను గీకి మందు చేసికొన్నట్లే. తిరిగి నీరు వచ్చినప్పుడు ఆ పొరను మళ్ళీ కడుతుంది.

లోపలి పొరను ఇట్లా తిరిగి కట్టవచ్చు. వెలుపలి తొక్కను మాత్రం తిరిగి కట్టలేదు. తొక్క అంచున తప్ప మరెక్కడా తయారు కాదు. పెద్ద ఆల్చిప్పలను చూస్తే మూపు దగ్గర తొక్క అరిగి, తెల్లగా గుంటలు పడివుండడం గమనించవచ్చు. తొక్క పోయిన చోట నీటిలోని కార్బన్ డయాక్సైడు సున్నాన్ని కరగిస్తుంది. జంతువు చేయగలిగినది ఒక్కటే: లోపలివైపు ఆ చోట మరికొంత మందంగా పేర్చడం.

స్వాతి చినుకు

స్వాతి కార్తెలో కురిసిన చినుకు ముత్యపుచిప్పలో పడి ముత్యమవుతుందని పెద్దలు చెప్పుకొన్నారు. నిజానికి ముత్యం కూడ ప్రావారం పనియే. ప్రావారపు కణాలు కొన్ని, గాయంవల్లనో, ఏదైనా పరాన్నజీవి దూరడంవల్లనో, తమ చోటు తప్పి కండలోనికి చేరితే, అక్కడ పెరిగి చిన్న సంచిగా ఏర్పడుతవి. చోటు మారినా వాటి స్వభావం మారదు. అవి చిప్పమీద పేర్చవలసిన ముత్యపు పొరనే సంచి లోపల చుట్టూ పేరుస్తవి. ముత్యాల పెంపకంలో, దాత చిప్పనుండి కోసిన చిన్న ప్రావారపు తునకను, చిప్పతో చేసిన పూసతోపాటు మరొక చిప్ప శరీరంలో ఉంచుతారు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో తూత్తుకుడిలో ఈ విధంగా ముత్యాలను సాధించారు. తరువాత భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి జలజీవుల పెంపక సంస్థ మన చెరువుల లామెల్లిడెన్స్‌లో కూడ ముత్యాలను పెంచే పద్ధతిని రూపొందించింది.

మొదటి చిప్ప

పెద్ద ఆల్చిప్పకన్న పసిదానికి చిప్ప కట్టడం కష్టం. సముద్రపు ఆయిస్టరు గ్రుడ్డునుండి వచ్చిన డింభకం ఒకటి రెండు దినాలలోనే తన మొదటి చిప్పల జతను కట్టుకొనవలె. అప్పటికి అది మేత మేయడం సరిగా మొదలుపెట్టివుండదు. గ్రుడ్డులో తల్లి పెట్టిన శక్తితోనే ఈ పని పూర్తికావలె. పైగా డింభకాలు మొదట అస్ఫటిక కాల్షియం కార్బొనేటును పేర్చి, తరువాత దానిని అరగొనైటుగా మార్చుకొంటవని 2002లో తెలిసింది. అస్ఫటిక రూపం స్ఫటికంకన్న సులభంగా కరుగుతుంది. మంచినీటి ఆల్చిప్పలలో పిల్లలు తల్లి మొప్పలలో పెరుగుతవి. తల్లి మొప్పలలో కణికలుగా నిలువచేసిన కాల్షియంతో వాటి మొదటి చిప్పలు తయారవుతవని కొన్ని జాతులలో గమనించారు. తరువాత అవి చేపల మొప్పలను, రెక్కలను పట్టుకొని కొన్నాళ్ళు జీవిస్తవి. సముద్రపు డింభకాలకు అటువంటి రక్షణ లేదు.

బొగ్గు, చమురు మండించడంవల్ల గాలిలో చేరుతున్న కార్బన్ డయాక్సైడులో సుమారు నాలుగవ వంతును సముద్రం పీల్చుకొంటున్నది. దానివల్ల సముద్రపు పైనీటి సగటు పి.హెచ్. పారిశ్రామిక యుగానికి ముందు 8.2 ఉన్నది, నేడు 8.1 అయింది. అంకె చిన్నదే కాని, పి.హెచ్. లెక్కలో ఇది హైడ్రొజన్ అయానులు నూటికి సుమారు 30 పాళ్ళు పెరగడంతో సమానం. చిప్ప కట్టేచోటనుండి ఏ అయానులను తోసివేయడానికి జంతువు శక్తి ఖర్చు చేస్తున్నదో, ఆ అయానులే బయట పెరుగుతున్నవి.

దీని ఫలితం అమెరికాలో ఒరిగాన్ తీరపు నెటార్ట్స్ అఖాతంలో 2007 నుండి కనబడింది. అక్కడి ఒక పెంపక కేంద్రంలో ఆయిస్టరు డింభకాలు పెద్దయెత్తున చనిపోయినవి. మొదట రోగక్రిములను అనుమానించారు. గాలులవల్ల అడుగునుండి పైకి వచ్చిన, కార్బన్ డయాక్సైడు ఎక్కువగా ఉన్న నీరే ముఖ్య కారణమని తరువాత జరిపిన పరిశోధనలో తేలి, 2012లో ప్రకటితమయింది. తొట్టెలలోని నీటికి సోడియం కార్బొనేటు కలిపి, ఆ కేంద్రంవారు డింభకాలను కాపాడుకొన్నారు. తొట్టెలో సాధ్యమయినది సముద్రంలో సాధ్యం కాదు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

ఆల్చిప్ప ముక్కను పరీక్షనాళికలో వేసి, ఉపాధ్యాయుని పర్యవేక్షణలో సజల హైడ్రోక్లోరికామ్లాన్ని కొద్దికొద్దిగా పోయవలె. బుస్సున బుడగలు వస్తవి. ఆ వాయువును గొట్టంద్వారా సున్నపుతేటలోనికి పంపితే తేట పాలవలె తెల్లబడుతుంది. చిప్ప అంతా కరగిన తరువాత నాళికలో పలుచని గోధుమరంగు పొర మిగులుతుంది. అది తొక్క, ఆమ్లం దానిని కరగించలేదు.

విద్యార్థులు ఇక్కడ ఆగి ఆలోచించవలసినది ఒకటున్నది. సున్నపుతేటను తెల్లబరచిన పదార్థం కాల్షియం కార్బొనేటు. అంటే చిప్పలో ఉన్న పదార్థమే పక్క నాళికలో తిరిగి ఏర్పడింది. అయినా అది చిప్ప కాలేదు. పొడిగా అడుగున పేరుకొన్నది. అక్కడ అచ్చు కట్టే తొక్క లేదు, వరుస తీర్చే ప్రోటీను లేదు, అంచును కొలతతప్పక ముందుకు జరిపే ప్రావారం లేదు. ఆ పొడికీ, మాగాయకాయల చెక్కు తీసిన చిప్పకూ ఉన్న తేడాయే ఆ మెత్తని జంతువు జీవితకాలంలో చేసిన పని.